యూరోపానా, ఎన్సెలాడసా, టైటానా? మన సముద్రాన్ని అడిగి ఎంచుకుందాం

బృహస్పతి చుట్టూ తిరిగే యూరోపా, శని చుట్టూ తిరిగే ఎన్సెలాడస్, టైటాన్, 124 కాంతి సంవత్సరాల దూరంలో వేరే నక్షత్రాన్ని చుట్టే కె2-18బి. లోపలో పైనో సముద్రం ఉందని, ఉండవచ్చని పేరుపడ్డ లోకాలివి. వీటిలో జీవాన్ని ముందు ఎక్కడ వెతకాలి? సెమినార్‌కి ఒక్క అంశమే తీసుకోవాల్సిన డిగ్రీ విద్యార్థికీ, ఏ యాత్ర వార్తలు వెంబడించాలో తేల్చుకోలేని పాఠకుడికీ, సముద్ర శాస్త్రంలో చేరితే అంతరిక్షానికి దూరమైపోతానేమో అని దిగులుపడే అమ్మాయికీ ఎదురయ్యే ప్రశ్న ఇదే.

నా జవాబు ముందే చెప్పేస్తాను: నేను ఎన్సెలాడస్ వైపు. కానీ ఆ జవాబు అందరికీ సరిపోదు. ఎవరికి ఏది సరిపోతుందో చెప్పాలంటే ముందు కొలతలు కావాలి. ఆ కొలతల్లో చాలావాటిని మనకు తెచ్చి ఇచ్చింది సముద్రం అడుగుకి దిగినవాళ్లు.

## కొలతలు ఎక్కడివి?

1977 ఫిబ్రవరిలో గలాపగోస్ దీవుల దగ్గర ఆల్విన్ అనే చిన్న జలాంతర్గామి సుమారు 2,500 మీటర్ల లోతుకి దిగింది. సముద్రపు నేల చీలిన చోట వేడినీళ్లు ఊరుతుంటాయని భూగర్భ శాస్త్రవేత్తలు ఊహించారు, వాటిని చూడటానికే వెళ్లారు. ఊటలు కనిపించాయి. వాటి చుట్టూ ఆల్చిప్పలు, పీతలు, ఎర్రటి కొసలతో నిలువెత్తు గొట్టపు పురుగులు కూడా కనిపించాయి. ఓడ మీద జీవశాస్త్రవేత్త ఒక్కరూ లేరు. పట్టుకొచ్చిన జీవుల్ని చెడిపోకుండా ఉంచడానికి సరిపడా రసాయనం కూడా లేక, కొన్నిటిని వోడ్కాలో వేసి తెచ్చారు.

వెలుగు చేరని చోట అంత బతుకు ఎలా సాగుతోంది? ఊటల్లోంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్‌ను సూక్ష్మజీవులు ఆక్సిజన్‌తో కలిపి, ఆ శక్తితో ఆహారం తయారుచేసుకుంటున్నాయి. ఆ సూక్ష్మజీవుల మీద ఆధారపడి తక్కినవన్నీ బతుకుతున్నాయి. "సూర్యుడు లేకుండా జీవం" అని అప్పటినుంచి చెప్పుకుంటున్నాం. ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలా వ్యాసాల్లో ఇది జారిపోతుంది. ఆ సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్ ఎక్కడిది? పైన ఎండలో నాచు, మొక్కలు వదిలినది. అంటే గలాపగోస్ ఊటలు కూడా ఒక చేత్తో సూర్యుణ్ని పట్టుకునే ఉన్నాయి.

ఆ చెయ్యి కూడా వదిలేసిన చోటు 2000 డిసెంబరులో దొరికింది. అట్లాంటిక్ మధ్యలో 700 నుంచి 800 మీటర్ల లోతున, తెల్లటి సున్నపు గోపురాల్లాంటి గుట్టలు. అన్నిటికంటే పెద్దది 60 మీటర్ల ఎత్తుంది. దానికి లాస్ట్ సిటీ అని పేరు పెట్టారు. అక్కడ అగ్నిపర్వతపు వేడి పని చెయ్యడం లేదు. భూమి లోపలి పొర నుంచి పైకొచ్చిన రాయితో సముద్రపు నీరు కలిసి, ఆ చర్యలోనే హైడ్రోజన్ పుడుతోంది. ఊటనీరు 40 నుంచి 90 డిగ్రీల వేడితో, పీహెచ్ 9 నుంచి 11 దాకా క్షారగుణంతో ఉంటుంది. అలాంటి చోట హైడ్రోజన్‌నీ కార్బన్ డయాక్సైడ్‌నీ కలిపి మీథేన్ చేసి బతకగల సూక్ష్మజీవులకు ఆక్సిజన్ అక్కరలేదు, ఎండ అక్కరలేదు.

ఈ రెండు చోట్ల నుంచీ, అంటార్కిటికా మంచు కింది సరస్సుల నుంచీ ఏరుకున్న కొలతలు ఐదు.

ఒకటి, నీరు రాయిని తాకుతోందా? మంచుకీ మంచుకీ మధ్య ఇరుక్కున్న నీటికి కొత్త ఖనిజాలు, కొత్త రసాయన శక్తి అందడం కష్టం.

రెండు, పొయ్యి వెలుగుతుందా? పొయ్యి వెలగాలంటే కట్టె ఉండాలి, గాలీ ఆడాలి. రసాయన శక్తి కూడా అంతే. ఇచ్చే పదార్థం, పుచ్చుకునే పదార్థం రెండూ ఒకచోటికి రావాలి. లాస్ట్ సిటీలో హైడ్రోజన్ కట్టె, కార్బన్ డయాక్సైడ్ గాలి.

మూడు, మాదిరి చేతికి అందుతుందా? అందినా, అడుగున ఉన్నది ఉన్నట్టుగానే అందుతుందా?

నాలుగు, మనం జీవపు గుర్తు అనుకునేది జీవం లేకుండా కూడా పుట్టగలదా?

ఐదు, ఎప్పటికి తెలుస్తుంది? శాస్త్రానికి తొందర లేకపోవచ్చు. ఎంచుకునే మనిషికి మాత్రం ఒక్క ఆయుష్షే ఉంది.

పీడనాన్ని ఈ జాబితాలో చేర్చలేదు. అంత లోతు నీటి కింద ఏది బతుకుతుందని చాలామంది అడుగుతారు. లెక్క వేసి చూడండి. ఎన్సెలాడస్ మీద గురుత్వం మన భూమిలో సుమారు నూటికి ఒక వంతే. అందువల్ల మంచూ నీళ్లూ కలిపి 60 కిలోమీటర్ల మందం ఉన్నా, అడుగున పీడనం మన సముద్రంలో 600, 700 మీటర్ల లోతున ఉన్నంతే. అంటే దాదాపు లాస్ట్ సిటీ లోతు! యూరోపా అడుగున పీడనం చాలా ఎక్కువే. అయినా అది మన సముద్రాల్లో అన్నిటికంటే లోతైన మెరియానా ట్రెంచ్ అడుగున ఉన్నదానికి సమానంగానో, కొంత ఎక్కువగానో తేలుతుంది. ఆ ట్రెంచ్ అడుగున జీవులు ఉన్నాయని మనకు తెలుసు.

## ఒక్క చూపులో

| కొలత | ఎన్సెలాడస్ | యూరోపా | టైటాన్ | కె2-18బి |
|---|---|---|---|---|
| నీరు రాయిని తాకడం | గట్టి ఆధారాలున్నాయి | తాకుతోందని అంచనా | అడుగున మందమైన మంచు అడ్డుండవచ్చు | సముద్రం ఉందో లేదో తేలలేదు |
| కట్టె, గాలి | రెండూ కొలిచారు | గాలి పైన ఉంది, కిందికి దిగుతోందా? | పైన సేంద్రియ పదార్థం అపారం, నీరు లోతున | తెలియదు |
| మాదిరి | తానే చిమ్ముతోంది | పైపొరల నుంచి ఎగిరే రేణువులు | నేల మీద దిగి తీసుకోవచ్చు | వెలుగు తప్ప ఏమీ అందదు |
| పొరబడే అవకాశం | ఉంది, తగ్గించుకునే దారీ ఉంది | ఉంది | ఎక్కువ | చాలా ఎక్కువ |
| ఎదురుచూపు | 2050ల దాకా | 2030 నుంచి | 2034 నుంచి | ఇప్పటికే సాగుతోంది, తేలడం లేదు |

బృహస్పతి మరో చంద్రుడు గానిమీడ్‌ను వదిలేశాను. అక్కడా సముద్రం ఉంది. కాకపోతే దాని అడుగున అధిక పీడనంతో గట్టిపడ్డ మంచు పరుచుకుని, నీటికీ రాయికీ మధ్య గోడలా ఉంటుందని లెక్కలు చెబుతున్నాయి. అలా అయితే మొదటి కొలతలోనే అది వెనకబడుతుంది.

## ఎన్సెలాడస్: తలుపు తీసి ఉంచిన ఇల్లు

504 కిలోమీటర్ల వ్యాసం ఉన్న చిన్న మంచు ముద్ద ఇది. 2005లో, శనిని చుట్టిన కాసిని నౌక దగ్గరగా చూస్తే దక్షిణ ధ్రువం దగ్గర నాలుగు పొడవాటి పగుళ్లు, వాటిలోంచి అంతరిక్షంలోకి చిమ్ముతున్న నీటి ఆవిరి, మంచు రేణువులు కనిపించాయి. పైన మంచు పెంకు సగటున 20 నుంచి 25 కిలోమీటర్ల మందం. దక్షిణ ధ్రువం దగ్గర చాలా పలచన. ఆ పెంకు కింద చంద్రుడంతటా ఒకే సముద్రం పరుచుకుని ఉందని 2015లో తేలింది. ఈ చంద్రుడు తిరుగుతూ కాస్త ఊగుతుంది. పెంకు లోపలి రాతికి అతుక్కుని ఉంటే అంత ఊగదు. ఆ తేడాతో పట్టుకున్నారు.

ఆపైన ఒక్కొక్కటే బయటపడ్డాయి. శని వలయాల ప్రాంతంలో దొరికిన సూక్ష్మమైన సిలికా (ఇసుకలో ఉండే పదార్థం) రేణువులు, అడుగున ఎక్కడో నీరు 90 డిగ్రీలకు పైగా వేడెక్కుతోందని సూచించాయి. 2015 అక్టోబరు 28న కాసిని దక్షిణ ధ్రువానికి 49 కిలోమీటర్ల ఎత్తున ఆ ధారల్లోంచే దూసుకుపోయింది. అప్పుడు తీసిన కొలతల్లో హైడ్రోజన్ 0.4 నుంచి 1.4 శాతం, కార్బన్ డయాక్సైడ్ 0.3 నుంచి 0.8 శాతం ఉన్నట్టు 2017లో ప్రకటించారు. కట్టె, గాలి! 2023లో ఫాస్ఫేట్ అనే పోషకం కూడా దొరికింది, మన సముద్రాల్లో ఉన్నదానికి కనీసం 100 రెట్లు. మన సముద్రాల్లో చాలాచోట్ల జీవం పెరుగుదలకు కళ్లెం వేసేది పోషకాల కరువే. అలాంటిది అక్కడ నిండుగా ఉంది. నీరు ఉప్పగా, క్షారగుణంతో ఉంది. లాస్ట్ సిటీ చూసినవాళ్లకి ఈ జాబితా కొత్తగా అనిపించదు.

ఇంత అనుకూలంగా ఉన్నప్పుడే కాస్త ఆగి ఆలోచించాలి. సముద్రంలో సూక్ష్మజీవులు ఉన్నచోట హైడ్రోజన్ ఎక్కువగా మిగలదు. దొరికింది దొరికినట్టు తినేస్తాయి. అక్కడ అంత హైడ్రోజన్ తినకుండా మిగిలి ఉందంటే? విస్తట్లో అన్నం అలాగే ఉందంటే కూర్చున్నవాడు కొంచెమే తిన్నాడనుకోవచ్చు, అసలు ఎవరూ కూర్చోలేదనీ అనుకోవచ్చు. ఈ రెండో అవకాశాన్ని ఎన్సెలాడస్ అభిమానిగా నేను కూడా కొట్టిపారేయలేను. ఆ సముద్రం వయసు మీద కూడా వాదం నడుస్తోంది. వందల కోట్ల ఏళ్లదని కొందరు, ఈ చంద్రుడే చాలా కుర్రదని కొందరు అంటారు. జీవం పుట్టడానికి ఎంత కాలం కావాలో మనకు తెలియదు కాబట్టి ఈ వాదం చిన్నది కాదు.

మూడో కొలత దగ్గర సముద్ర శాస్త్రం ఇంకో చిక్కు చూపించింది. మన బంగాళాఖాతాన్నే తీసుకోండి. వానాకాలంలో గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చిపోసే మంచినీళ్లు ఉప్పునీటి మీద తేలికైన పొరలా పరుచుకుంటాయి. ఆ పొర మూతలా ఉండి కింది నీటిని పైకి రానివ్వదు. అడుగున ఉన్న పోషకాలు అక్కడే ఆగిపోతాయి. విశాఖ తీరంలో నిలబడి దోసెడు నీళ్లు తీసుకుంటే, వెయ్యి మీటర్ల లోతున ఏముందో ఆ దోసిట్లో తెలియదు. ఎన్సెలాడస్ ధ్రువం దగ్గర కూడా పెంకు అడుగు కరిగి మంచినీళ్లు చేరే అవకాశం ఉంది. అవి అక్కడా ఇలాంటి మూత వేస్తే, అడుగున ఊటల దగ్గర పుట్టిన రేణువులు పైకి చేరడానికి వందల ఏళ్లు, ఇంకా ఎక్కువే పట్టవచ్చని 2025 ఫిబ్రవరిలో వచ్చిన ఒక అధ్యయనం లెక్క వేసింది. సిలికా రేణువుల పరిమాణాన్ని బట్టి వేసిన పాత లెక్కలు మాత్రం కొన్ని నెలలు, ఏళ్లలోనే పైకి వస్తున్నాయన్నాయి. రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయన్నది తేలాలి. తేల్చాల్సింది సముద్ర ప్రవాహాలు చదివినవాళ్లే. అడుగునుంచి చిమ్మే ధార వరకూ సాగే ప్రయాణంలో ఏది విరిగిపోతుంది, ఏది మిగులుతుంది అన్నది తెలియకుండా, ధారలో ఏమీ దొరకలేదని జీవం లేదనెయ్యడం తప్పు.

దీనికి ఎదురుగా ఒక మంచి సంగతీ ఉంది. మన సముద్రంలో కెరటం విరిగి బుడగ పగిలినప్పుడు, నీటి పైపొరలో పేరుకున్న కొవ్వులాంటి సేంద్రియ పదార్థం తుంపరలతో గాల్లోకి లేస్తుంది. అందుకే తుంపరలో దాని పాలు మామూలు నీటిలో కంటే ఎక్కువ. ఎన్సెలాడస్ పగుళ్లలోనూ బుడగలు పగులుతుంటే, ప్రకృతే మాదిరిని చిక్కబరిచి మన చేతికి ఇస్తున్నట్టు. 2018లో అక్కడి మంచు రేణువుల్లో పెద్ద పెద్ద సేంద్రియ అణువుల ఆనవాళ్లు దొరికినప్పుడు ఈ వివరణే ముందుకొచ్చింది.

ఎదురుచూపు మాత్రం పొడుగు. కాసిని 2017 సెప్టెంబరు 15న శనిలోకి దూకి అంతమైంది. అది 1997లో బయల్దేరినప్పుడు ఈ ధారల సంగతే తెలియదు, దాని పరికరాలు ఈ పనికోసం తయారైనవి కావు. ఇప్పుడు ఐరోపా అంతరిక్ష సంస్థ ఎన్సెలాడస్‌కి ప్రత్యేకంగా ఒక నౌక పంపాలని చూస్తోంది. ప్రయోగం 2040లలో, ఫలితం 2050లలో. ఈ వరస చదువుతున్నవాడికి ఇప్పుడు 20 ఏళ్లయితే, ఆ సమాచారం అందేసరికి నలభై దాటుతాయి. నాకైతే అది వృత్తి మధ్యలో పండే పంటలా కనిపిస్తోంది. తొందరగా తేలాలనుకునేవాళ్లకి ఇది సరైన ఎంపిక కాదు.

## యూరోపా: నీళ్లు బోలెడు, తలుపు బిగించి

మన చంద్రుడి కంటే కొంచెం చిన్నది. 15 నుంచి 25 కిలోమీటర్ల మంచు కింద 60 నుంచి 150 కిలోమీటర్ల లోతు సముద్రం ఉందని అంచనా. అంటే మన సముద్రాలన్నీ కలిపినా దాదాపు రెండింతల నీరు. సముద్రం ఉందన్న ఆధారం అయస్కాంత క్షేత్రం ఇచ్చింది. 1995 నుంచి 2003 వరకు బృహస్పతిని చుట్టిన గెలీలియో నౌక, యూరోపా చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రం బృహస్పతి క్షేత్రానికి స్పందిస్తూ మారుతుండటం గమనించింది. లోపల విద్యుత్తు ప్రవహించగల ఉప్పునీరు ఉంటే తప్ప అది కుదరదు. మన సముద్రంలో లవణీయత కొలవడానికి ఓడ మీంచి దించే పరికరం పనిచేసేదీ ఇదే సూత్రం మీద: ఉప్పు పెరిగితే నీటిలో విద్యుత్తు సులువుగా ప్రవహిస్తుంది.

యూరోపాకి ఉన్న ప్రత్యేక బలం, పొయ్యి పోలికలో చెప్పిన గాలి. బృహస్పతి రేడియేషన్ మంచు మీద పడి నీటి అణువుల్ని విడగొట్టి ఆక్సిజన్ తయారుచేస్తోంది. బృహస్పతిని చుట్టే జూనో నౌక కొలతల ప్రకారం సెకనుకి సుమారు 12 కిలోలు. ఇంతకుముందు చాలామంది అనుకున్నదానికంటే ఇది తక్కువే. ఈ ఆక్సిజన్ మంచులోంచి కిందికి దిగి సముద్రంలో కలిస్తే, అక్కడ గలాపగోస్ తరహా జీవం ఆశించవచ్చు. లాస్ట్ సిటీ తరహా కంటే అది బలిసిన బతుకు. ఆక్సిజన్‌తో మండే పొయ్యి మీథేన్ చేసే పొయ్యి కంటే ఎన్నో రెట్లు వేడినిస్తుంది. ఎన్సెలాడస్‌లో సూక్ష్మజీవులకు మించి ఆశ పెట్టుకోవడం కష్టం. యూరోపాలో ఇంకాస్త పెద్ద ఆశకి చోటుంది. ఆ ఆక్సిజన్ కిందికి దిగుతోందా అన్నదే తెలియాలి. 2023లో వెబ్ టెలిస్కోపు తారా రీజియో అనే ప్రాంతంలో కార్బన్ డయాక్సైడ్‌ను చూసింది. అది లోపలి నుంచే వచ్చినట్టుంది. కింది నుంచి పైకి దారి ఉంటే, పైనుంచి కిందికీ ఉండవచ్చు.

మాదిరి సంగతికొస్తే యూరోపా కఠినమైంది. మనిషి అక్కడ నిలబడితే ఒక్క రోజు రేడియేషన్ చాలు, ప్రాణం పోవడానికి. పెంకు తొలచడమంటే ఇంకా దూరపు మాట. తొలచడం గురించి మన భూమి మీదే రెండు పాఠాలు ఉన్నాయి. అంటార్కిటికాలో వోస్టాక్ సరస్సు మీద సుమారు 3,770 మీటర్ల మంచుని రష్యా బృందం తొలిచి 2012 ఫిబ్రవరిలో నీటిని చేరింది. బోరు గడ్డకట్టుకుపోకుండా కిరోసిన్ లాంటి ద్రవం నింపారు. దాంతో, దొరికిన సూక్ష్మజీవుల గుర్తులు సరస్సువా, కిరోసిన్‌తో వెళ్లినవా అన్న అనుమానం ఏళ్లతరబడి వదల్లేదు. 2013 జనవరిలో విలన్స్ సరస్సు దగ్గర అమెరికా బృందం ఆ తప్పు చెయ్యకూడదని, వడగట్టి శుద్ధిచేసిన వేడినీళ్లతో 800 మీటర్ల మంచుని కరిగించి దిగింది. ప్రతి మిల్లీలీటరు నీటిలో లక్షా ముప్పై వేల సూక్ష్మజీవ కణాలు దొరికాయి. ఆ లెక్కను నమ్మగలిగాం. మంచు కింద వెతకడమంటే సగం పని, మన చేతులు కడుక్కోవడమే.

అందుకే ఇప్పుడు వెళ్తున్న యూరోపా క్లిప్పర్ దిగదు, తొలచదు. 2024 అక్టోబరు 14న బయల్దేరింది. 2030 ఏప్రిల్‌లో బృహస్పతిని చేరి, యూరోపా పక్కనుంచి 49 సార్లు వెళ్తుంది, ఒక్కోసారి 25 కిలోమీటర్ల దగ్గరగా. మంచులోకి తొంగిచూసే రాడార్, పైకెగిరిన రేణువుల్ని పట్టి విశ్లేషించే పరికరాలు దాని మీద ఉన్నాయి. ఒక్క విషయం గుర్తుంచుకోండి: జీవం కనిపెట్టడం దాని పని కాదు. జీవానికి అక్కడ వీలుందా అని చూడటం దాని పని. "క్లిప్పర్ జీవం కనుగొంటుంది" అని శీర్షిక కనిపిస్తే, ఆ కింది వార్తను జాగ్రత్తగా చదవండి.

## టైటాన్: పై సముద్రం వేరు, లోపలి సముద్రం వేరు

బుధగ్రహం కంటే పెద్ద చంద్రుడు. మందమైన నైట్రోజన్ వాతావరణం, వానలు, నదులు, సముద్రాలు. కాకపోతే ఆ వాన నీటిది కాదు. మైనస్ 179 డిగ్రీల చలిలో మీథేన్ కురుస్తుంది. క్రాకెన్ మారే, లిజియా మారే అనే సముద్రాల్లో ఉన్నది మీథేన్, ఈథేన్. నీటి సముద్రం ఉంటే చాలా లోతున ఉండాలి. కాసిని సమాచారాన్ని మళ్లీ విశ్లేషించిన ఇటీవలి పరిశోధన ఒకటి, లోపల ఉన్నది నిండు సముద్రం కాకపోవచ్చు, నీళ్లు కలిసిన మెత్తటి మంచు కావచ్చు అంటోంది.

మన సముద్రం నేర్పిన కొలతలు ఇక్కడ సగమే పనికొస్తాయి. మీథేన్ సముద్రంలో జీవం ఉంటే అది మనకు తెలిసిన జీవం కాదు. దాన్ని గుర్తుపట్టే గుర్తులు మన దగ్గర లేవు. అయినా డ్రాగన్‌ఫ్లై నాకు ఇష్టమైన యాత్ర. 2028లో ప్రయోగించి, 2034లో టైటాన్ మీద దింపాలని చూస్తున్న ఎనిమిది రెక్కల ఎగిరే యంత్రం అది. సెల్క్ అనే బిలం దగ్గర, ఒకప్పుడు ఉల్క పడిన వేడికి మంచు కరిగి నీళ్లు సేంద్రియ పదార్థంతో కలిసిన చోట, మాదిరులు తీస్తుంది. జీవం ఉందా అన్నదానికంటే, జీవానికి ముందు రసాయనాలు ఎంత దూరం వెళ్తాయి అన్న ప్రశ్నకు అది మంచి జవాబు తేగలదు. రసాయన శాస్త్రం ఇష్టపడేవాళ్లు మొహమాటం లేకుండా దీన్నే ఎంచుకోవచ్చు.

## కె2-18బి: పరిమళం మాత్రమే అందే దూరం

భూమికి సుమారు 8.6 రెట్ల బరువు, 2.6 రెట్ల వ్యాసం. నిక్కు మధుసూదన్ నాయకత్వంలో కేంబ్రిడ్జి బృందం 2023లోనూ, మరింత గట్టిగా 2025 ఏప్రిల్‌లోనూ దాని వాతావరణంలో డైమిథైల్ సల్ఫైడ్ ఛాయలు ఉన్నాయంది. ఈ పదార్థం సముద్ర శాస్త్రవేత్తలకు పాత చుట్టం. మన సముద్రంలో నాచులాంటి సూక్ష్మ వృక్షజీవుల నుంచి పుడుతుంది. సముద్రపు గాలికి ఉండే ఆ ప్రత్యేకమైన వాసనలో దీని పాలు ఉంది. అందుకే వార్త ప్రపంచమంతా పాకింది.

తర్వాత వేరే బృందాలు అదే సమాచారాన్ని విశ్లేషించి, ఆ సంకేతం అంత గట్టిది కాదన్నాయి. అంతకుముందే, 2024లో, రోసెట్టా నౌక సమాచారంలో 67పి తోకచుక్క మీద ఇదే పదార్థం బయటపడింది. తోకచుక్క మీద నాచు లేదు. నాలుగో కొలత ఎందుకు పెట్టుకున్నామో ఇక్కడ తెలుస్తుంది. భూమి మీద ఒక పదార్థం జీవం వల్లే వస్తోందంటే, అంతటా అలాగే వస్తుందని హామీ లేదు. వెళ్లి నీళ్లు ముంచుకురాలేని చోట ఆ అనుమానం తీర్చుకునే దారి చాలా సన్నం. ఈ పరిశోధన విలువైనదే. మొదటి ఎంపికగా మాత్రం నేను సిఫారసు చెయ్యను.

## మీకు ఏది?

వార్తలు వెంబడించాలనుకునే పాఠకులైతే యూరోపా తీసుకోండి. నౌక దారిలో ఉంది, తేదీలు తెలుసు. దాని తోడుగా 2023 ఏప్రిల్‌లో బయల్దేరిన ఐరోపా నౌక జ్యూస్ కూడా 2031లో బృహస్పతిని చేరి, యూరోపా పక్కనుంచి రెండుసార్లు వెళ్లి, చివరికి గానిమీడ్ చుట్టూ తిరుగుతుంది.

సెమినార్, ప్రాజెక్టు పని అయితే ఎన్సెలాడస్. కాసిని సమాచారం అందరికీ అందుబాటులో ఉంది, లాస్ట్ సిటీ మీద పాతికేళ్ల పరిశోధన ఉంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఒక్కొక్క కొలతా సరిచూడటమే మంచి ప్రాజెక్టు. నాసా వాళ్లు 2018లో చేసిందీ ఇలాంటిదే. హవాయి దగ్గర అప్పట్లో లోయిహి అని పిలిచిన సముద్రపు అగ్నిపర్వతం వేడి ఊటల మీద, ఎన్సెలాడస్‌ని దృష్టిలో పెట్టుకుని పనిచేశారు. బడిపిల్లలకు చెప్పే టీచర్లకైతే గలాపగోస్ కథ, దాని వెనకే యూరోపా. పొయ్యి, కట్టె, గాలి పోలిక ఆరో తరగతికీ అర్థమవుతుంది.

చదువు ఎంచుకోవాల్సినవాళ్ల సంగతి వేరు. మీరు ఎంచుకోవాల్సింది చంద్రుణ్ని కాదు, సముద్ర శాస్త్రంలో ఒక శాఖని. నౌకలు రద్దవుతాయి, వాయిదాపడతాయి. శాఖ మీద పట్టు మీతోనే ఉంటుంది.

లెక్కలంటే భయం లేకపోతే భౌతిక సముద్ర శాస్త్రం. మంచు కింద నీరు ఎలా తిరుగుతుంది, పొరలు ఎలా కడుతుంది అన్న ప్రశ్నలు బంగాళాఖాతానికీ ఎన్సెలాడస్‌కీ ఒకే సమీకరణాల్లో ఉంటాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఈ చదువు దశాబ్దాలుగా ఉంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్‌ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం)లో, విశాఖలో ఉన్న జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రంలో చేసే పని పూర్తిగా మన సముద్రాల గురించే, అందులో సందేహం లేదు. కానీ ఆ పని నేర్పే నమూనాలే రేపు అక్కడికీ పనికొస్తాయి. అంతరిక్షం కలిసిరాకపోయినా రుతుపవనాలు, చేపల వేట, సునామీ హెచ్చరికలు ఉన్నంతకాలం ఈ చదువుకి పని ఉంటుంది. ఒక్కటే చెప్పమంటే ఇదే చెబుతాను.

ప్రయోగశాల ఇష్టమైతే రసాయన శాఖ. ద్రవ్యరాశి వర్ణపటమాపకం (మాస్ స్పెక్ట్రోమీటర్, అణువుల్ని బరువును బట్టి గుర్తించే పరికరం) మీద చేతులు అలవాటైనవాళ్లు క్లిప్పర్‌కీ, డ్రాగన్‌ఫ్లైకీ, రేపటి ఎన్సెలాడస్ నౌకకీ కావాలి. సూక్ష్మజీవ శాఖలో ప్రశ్నలు అన్నిటికంటే అందంగా ఉంటాయి. అయితే మిల్లీలీటరుకు కొన్ని కణాలే ఉన్న నీటిలో, అవి మన చేతివి కావని నిరూపించే ఓపిక కావాలి. యంత్రాలు చెయ్యాలనుకునేవాళ్లు ఐస్‌ఫిన్ గురించి చదవాలి. 2020 జనవరిలో అంటార్కిటికాలో, సుమారు 600 మీటర్ల మంచులో వేడినీళ్లతో చేసిన సన్నటి బోరులోంచి థ్వెయిట్స్ హిమానీనదం కిందికి దిగి తిరిగొచ్చిన గొట్టంలాంటి రోబో అది. నేటి మంచు కరుగుదలను కొలుస్తూనే యూరోపాకి సాధన చేసింది. మన దేశంలో ఇలాంటి పనికి చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఉంది. ముగ్గురిని 6,000 మీటర్ల లోతుకి తీసుకెళ్లే మత్స్య-6000ను తయారుచేస్తున్నది వాళ్లే. హిందూ మహాసముద్రంలో 4,500 మీటర్ల లోతున వేడినీటి ఊటను వాళ్లూ గోవాలోని ధ్రువ పరిశోధన కేంద్రమూ కలిసి ఫొటో తీసిన సంగతి 2024 డిసెంబరులో బయటికొచ్చింది. ఆ ఊట దగ్గర ఏయే జీవులున్నాయి, ఏం తిని బతుకుతున్నాయి అన్నది ఇంకా చదవాల్సిన పని. పీజీలో చేరబోయేవాళ్లు మొదటి ఏడాదిలోనే అడిగి చూడాల్సిన ప్రశ్న అది.